తలుపు మూయని సబ్బాతు

మా అత్త ఫ్రేహా ఆ వేసవిలో నాకొక షరతు పెట్టింది. వేసవి మొదట్లో వచ్చే షవూత్ పండగ వెళ్ళి వారం కూడా కాలేదు. సందు మెట్ల మీద కాలు జారి తుంటి విరగ్గొట్టుకుని, ఆస్పత్రి నుంచి అప్పుడే ఇంటికొచ్చింది. వంటింటి మధ్యలో కుర్చీ వేయించుకుని, కొత్త చేతికర్రని రాజదండంలా నేలమీద ఆనించి, నన్నూ తన కొడుకునీ ఎదురుగా నిలబెట్టింది.

"లిఫ్టున్న ఇల్లమ్మా," అంటున్నాడు మా ఆయన అవిషాయ్. "కార్మియేల్‌లో, ఫ్యాక్టరీకి పది నిమిషాలు. తొమ్మిదో అంతస్తు. నీకు మెట్లుండవు, నాకు రెండు బస్సులుండవు. ఈ వంట ఇంకెవరు చేస్తారు?"

"నేను చేస్తాను," అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సఫేద్ అనే కొండ ఊళ్ళో మా ఇంటి కింది భాగం రాతి కమానుల పెద్ద గది. నేను కోడలిగా రాకముందు నుంచీ అత్త అక్కడ యువజన సంఘాల పిల్లలకి భోజనం పెడుతోంది. సెలవులిచ్చారంటే చాలు, బస్సులు దిగి, నీలం తలుపులూ పాత ప్రార్థనా మందిరాలూ చూసి చూసి కాళ్ళు పీకి, ఆకలితో మా మెట్లు దిగేవాళ్ళు. ఆ వంటగదిలో నేను ఉల్లిపాయలు తరగడం దాటి ముందుకెళ్ళలేదు. కానీ తొమ్మిదో అంతస్తు అనగానే నా గుండె జారింది. మా నోగాకి అప్పుడు రెండున్నరేళ్ళు. దానికి తుమ్మొస్తే నాకు చెమట పట్టేది. ఈ సందులో అయితే ప్రతి కిటికీలో ఒక అమ్మమ్మ ఉంది. "తుమ్మేలే, పోవే పిచ్చిదానా," అని కసిరి నా ప్రాణం కుదుటపరిచేది. ఆ తొమ్మిదో అంతస్తులో కుర్చీలో అత్తా, నేనూ, నా భయమూ తప్ప ఇంకెవరూ ఉండరు.

అత్త కర్ర ఒకసారి నేలకేసి కొట్టింది.

"ఒక్క సబ్బాతు. ఒక్క గ్రూపు. దగ్గరుండి చూస్తా. ఒక్క పిల్ల ఆకలితో లేచి వెళ్ళినా ఈ గదికి తాళం వేసి, వాడు చెప్పిన లిఫ్టు ఎక్కేస్తా. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. సబ్బాతంటే మాకు శుక్రవారం పొద్దువాలినప్పటినుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా ఏ పనీ ముట్టని రోజు. అవిషాయ్ కార్మియేల్ ఇంటివాడికి ఫోను చేసి, కాస్త గడువు అడిగాడు.

తర్వాతి వారాలన్నీ నాకు పరీక్షే. చదువు పదో తరగతి మధ్యలో ఆగిపోయినదాన్ని నేను. అమ్మ మంచాన పడితే తమ్ముళ్ళకి వండిపెట్టడానికి బడి మానేశాను. అందుకేనేమో, ఏ పని చేసినా ఎవరో వచ్చి తప్పు పడతారని వెనక్కి తిరిగి చూసుకునే అలవాటు. అత్త కుర్చీలోంచి అంతా గమనించేది.

"ఏమే రుహామా, ఆ డబ్బా మళ్ళీ ఎందుకు తెరిచావు?"

"ఉప్పో చక్కెరో అని, అత్తయ్యా."

"పొద్దున్నించీ ఏడుసార్లు చూశావు. అది ఇంకా ఉప్పే. నువ్వు చూసే కొద్దీ సిగ్గుపడి చక్కెరైపోదు."

జూలై మధ్యలో వచ్చింది మా గ్రూపు. సముద్రం ఒడ్డునున్న ఊరి పిల్లలు, పదేళ్ళవాళ్ళు, ముప్పై మందికి పైగా. శుక్రవారం పొద్దున్నే బస్సు దిగి మెట్ల మీద గోలగోలగా నిలబడ్డారు. వాళ్ళ ముందు ఒక అమ్మాయి, మెడలో ఈల, మోకాలి మీద దెబ్బ మానిన మచ్చ.

"మీ పెద్దవాళ్ళెవరమ్మా?" అన్నాను.

"నేనే అక్కా. షాకెద్ నా పేరు."

"పెద్దవాళ్ళు?"

"నాకు పదహారు వచ్చాయి," అంది, అంతకంటే పెద్దతనం ఇంకేముంటుందన్నట్టు. తర్వాత వెనక్కి చూపించింది. "మందుల సంచీతో బోయజ్ అన్న కూడా వచ్చాడు. ఆయన బస్సులోనే నిద్రపోతున్నాడు."

మా దేశంలో యువజన సంఘాలు అంతే. పిల్లల్ని పిల్లలే నడిపిస్తారు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా మా నోగాని నేను ఇంకా స్నానాల గది దాకా ఒంటరిగా పంపను. ఎవరో అమ్మలు తమ పిల్లల్ని ఈ మోకాలి మచ్చ పిల్ల చేతిలో పెట్టి పంపించేశారు.

షాకెద్ చెయ్యెత్తింది. అరవలేదు, ఈల ఊదలేదు. చెయ్యెత్తి ఊరికే నిలబడింది. ఒకడు చూసి తనూ చెయ్యెత్తాడు. పక్కది చూసి ఎత్తింది. కాసేపట్లో మెట్ల నిండా చేతులే, ఒక్క మాట లేదు.

"ఇది ఫ్రేహా అవ్వ ఇల్లు. రేపు సాయంత్రం దాకా మన ఇల్లు. మన ఇంట్లో మనం ఊరికే కూర్చుంటామా?"

"లేదు!"

"అవ్వా, మాకు పని చెప్పండి," అంది షాకెద్ అత్తవైపు తిరిగి.

అత్త ఆ పిల్లని కింది నుంచి పైదాకా చూసింది. ఇన్నేళ్ళలో వంటగదిలోకి గ్రూపు పిల్లల్ని అడుగు పెట్టనిచ్చిన మనిషి కాదు. కానీ తుంటి నొప్పి, వేసవి ఎండ, సాయంత్రానికి సబ్బాతు. "సరే. గిన్నెలు కడగండి. బల్లలు తుడవండి. ఫ్రిజ్ మీద వేలిముద్ర కనిపించకూడదు," అంది.

మా ఫ్రిజ్ బీరువా అంత ఉంటుంది. సబ్బాతు మధ్యాహ్నపు భోజనమంతా అందులోనే. రొట్టెపొడి అద్ది వేయించిన కోడి ముక్కలు, బంగాళాదుంప వడలు, టమాటా మిరపకాయల పచ్చడి, వంకాయ, జీలకర్ర వేసిన క్యారెట్, బీట్‌రూట్. ముందే వెలిగించి ఉంచిన పొయ్యి పలక మీద రాత్రంతా ఉడికే సబ్బాతు కూర వేసవిలో పిల్లలు ముట్టుకోరని చల్లటి భోజనమే పెట్టేది అత్త. తలుపు తెరిస్తే వెలిగే దీపం బటన్‌ని గోధుమరంగు టేపుతో నొక్కి అంటించి ఉంచేది. సబ్బాతు నాడు దీపం వెలిగించకూడదు, ఆర్పకూడదు. టేపు ఉంటే తలుపు ఎన్నిసార్లు తీసినా లోపల చీకటే. ఆ టేపుని మధ్యాహ్నం నేను నాలుగుసార్లు చూసుకున్నాను. ఐదోసారి వెళ్తుంటే అత్త కర్ర అడ్డం పెట్టింది. "ఇంకోసారి దాని దగ్గరికెళ్ళావంటే నిన్నే అందులో పెట్టి మూస్తా."

సూర్యుడు మెరోన్ కొండ మీదికి వాలేసరికి పిల్లలంతా తెల్ల చొక్కాలేసుకుని సబ్బాతుకి ఎదురెళ్ళే పాటలు పాడుతూ కింది మందిరానికి వెళ్ళారు. మేం దీపాలు వెలిగించాం. అత్త కళ్ళు మూసుకుని చాలాసేపు పెదాలు కదిపింది. నేనూ ప్రార్థించాను. నోగా పేరు, తర్వాత వంకాయ పేరు.

పిల్లలు తిరిగొస్తున్న పాట సందు మొదట్లో వినిపించింది. బయట వీధి దీపాలు వెలిగాయి. "పచ్చళ్ళు నేను తీస్తాలే," అంటూ అత్త కర్ర ఊతంతో లేచింది. ఫ్రిజ్ తలుపు బార్లా లాగింది.

ఆమె ముఖమంతా తెల్లటి వెలుతురు పడింది.

రాత్రి భోజనానికి వండిన చేపల పులుసు మూత చేతిలో పట్టుకుని నేను, తలుపు పిడి పట్టుకుని అత్త. లోపల దీపం ధగధగా వెలుగుతోంది. ఆమె జన్మలో సబ్బాతు నాడు అగ్గిపుల్ల ముట్టుకోలేదు. ఆ రోజు తన చేత్తో దీపం వెలిగించింది.

నోగాకి తెరిచిన తలుపు కనిపిస్తే మూయాలని సరదా. రెండు చేతులూ చాచి పరిగెత్తింది.

"మూయకు!" అని అత్తా, నేనూ, అప్పుడే లోపలికొచ్చిన అవిషాయ్ ఒకేసారి అరిచాం. నోగా అక్కడే చతికిలబడి ఏడుపు అందుకుంది. తలుపు మూస్తే దీపం ఆరుతుంది. తెరవడం పొరపాటున జరిగింది. మూయడం తెలిసి చేసినట్టవుతుంది. ఇక రేపు చుక్కలు పొడిచేదాకా ఆ తలుపు తెరిచే ఉండాలి. జూలై నెల. ముప్పై మంది పిల్లల మధ్యాహ్నపు భోజనం లోపల.

"పై సందులో నర్సు చదువుకునే అరబ్బు అమ్మాయిలు ఉంటారు కదా, వాళ్ళకి సబ్బాతు నియమాల్లేవు, ఎవరైనా ఇటుగా వచ్చి మూస్తే..." అన్నాడు అవిషాయ్.

"సెలవులకి ఊళ్ళకి పోయారు," అంది అత్త. తర్వాత నావైపు తిరిగింది. "టేపేది?"

"మధ్యాహ్నం ఉంది అత్తయ్యా. నాలుగుసార్లు..."

గుమ్మంలో పిల్లలు కిక్కిరిసి నిలబడ్డారు. ముందు వరుసలో గెఫెన్ అనే పిల్ల, రెండు జడలది, పెదవి కొరుక్కుంటోంది.

"అది మాసిపోయి ఉంది," అంది ఏడుపు గొంతుతో. "శుభ్రం చేయమన్నారు కదా. గోరుతో గీకి తీసేశాను. మా ఇంట్లో అలాంటిది ఉండదు. నాకు తెలీదు."

నాకు బాగా తెలిసిన క్షణం అది, అందరి కళ్ళూ ఒకే మనిషి మీద వాలే క్షణం. ఇంతలో గెఫెన్‌కీ మా అత్తకీ మధ్యలోకి షాకెద్ వచ్చి నిలబడింది.

"గుడ్డ ఇచ్చింది నేను అవ్వా. ఏమీ అంటుకుని ఉండకూడదు, అద్దంలా మెరవాలి అన్నది కూడా నేనే. ముందు మిమ్మల్ని అడగాల్సింది. తప్పు నాది. ఇప్పుడేం చేయాలో చెప్పండి, చేస్తాం."

వణుకు లేదు, సాకు లేదు. పొద్దున ఎంత తేలిగ్గా తన పేరు చెప్పిందో అంతే తేలిగ్గా చెప్పింది. ఆ వయసులో నేనైతే తలుపు వెనక దాక్కునేదాన్ని.

"పదహారేళ్ళకి నేను పెళ్ళి చేసుకుని ఈ కొండెక్కాను," అంది అత్త. "అప్పటినుంచి ఇప్పటిదాకా ఒక్క తప్పు కూడా నాదని ఒప్పుకోలేదు." కుర్చీ దగ్గరికి లాక్కుని, తెరిచిన ఫ్రిజ్ ఎదుటే కూర్చుంది. "రుహామా, ఇప్పుడు నువ్వు చెప్పు. వంటగది నీది కదా ఈ వారం."

అందరి కళ్ళూ నా మీద వాలాయి.

"కోడి ముక్కలు పొయ్యి పలక మీద పెడితే పొద్దుటికి చెక్కముక్కలవుతాయి," అన్నాను. మాటలు వాటంతటవే వచ్చాయి. "ఇక్కడుంటే పాడవుతాయి. సందులో ఎన్ని ఫ్రిజ్‌లున్నాయో అన్నిట్లోకీ పంచేద్దాం, వాటికి టేపు ఉంటుంది. రేపు మధ్యాహ్నం మళ్ళీ తెచ్చుకుందాం."

"సబ్బాతు నాడు వీధిలో మోసుకెళ్ళొచ్చా?" అని ఎవడో అడిగాడు.

"ఊరి చుట్టూ తీగ కట్టి ఉంది రా," అంది అత్త. "తీగ లోపలున్నంతవరకూ ఈ ఊరంతా ఒకే ఇల్లు. ఈ గదిలోంచి ఆ గదిలోకి మోస్తున్నట్టే."

షాకెద్ చెయ్యెత్తింది. చేతులన్నీ లేచాయి. ఇద్దరిద్దరికి ఒక గిన్నె. ఆకలి మీదున్న పిల్లలు, పొయ్యి మీద చేపల పులుసు వాసన ముక్కుపుటాలు అదరగొడుతోంది, అయినా ఒక్కరూ గొణగలేదు. మందిరం నుంచి తెచ్చిన పాటే మళ్ళీ అందుకుని, తెల్ల చొక్కాలతో, గిన్నెలతో మెట్లు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. నేను నోగాని చంకనేసుకుని ముందు నడిచి తలుపులు తట్టాను.

ఎదురింటి గిట్టెల్ అవ్వ నల్లటి తలగుడ్డ సర్దుకుంటూ వచ్చింది. ఆవిడ నియమాలు మా నియమాల కంటే నాలుగు మెట్లు పైన. మా ఇంటి నీళ్ళు కూడా తాగదు.

"ఫ్రేహా కోళ్ళు నా ఫ్రిజ్‌లోనా? నా భర్త సమాధిలోంచి లేచొస్తాడు."

"రెండు సంచుల్లో చుట్టి ఇస్తే, అవ్వా?"

ఆవిడ గుమ్మం ముందు వరసగా నిలబడ్డ పిల్లల్ని చూసింది. గెఫెన్ ముక్కు ఎర్రగా ఉంది.

"మూడు సంచులు," అంది. "సబ్బాతు నాడు ముడి వేయకండి, ఊరికే చుట్టండి. ఆ పిల్లెందుకు ఏడ్చింది? ఎవరేమన్నారు? ఇలా రా అమ్మా, ముక్కు తుడుచుకో."

కింద ఒంటరిగా ఉండే మెనాషే ఫ్రిజ్ తెరిస్తే లోపల ఊరేసిన నిమ్మకాయలూ నాలుగు బీరు సీసాలూ తప్ప ఏమీ లేవు. "భార్య పోయాక ఇది ఇంత నిండడం ఇదే మొదలు," అన్నాడు, గిన్నెలు సర్దుతున్న పిల్లల్ని చూస్తూ. "జాగ్రత్త, రాత్రి నాకు ఆకలేస్తే నా పూచీ లేదు."

చివరి గిన్నె పెట్టి వస్తుంటే మెట్ల మీద షాకెద్ నా పక్కన నడిచింది. పెదాలు కదుపుతూ పిల్లల్ని లెక్క పెట్టుకుంటోంది.

"నీకు భయం వేయదా?" అన్నాను. "ఇంతమంది. ఎవరో ఒకరు పడొచ్చు, తప్పిపోవచ్చు."

"ఎందుకు వేయదక్కా? బస్సెక్కినప్పటినుంచీ కడుపులో నొప్పే." నవ్వింది. "కానీ వాళ్ళు ఏం జరిగినా ముందు నా మొహమే చూస్తారు. అందుకని మొహం కొంచెం సర్దుకుంటా. అంతే."

రాత్రి చేపలు అందరికీ సరిపోయాయి. తెరిచిన ఫ్రిజ్ పెద్ద శబ్దంతో మొత్తుకుంటూనే ఉంది. అత్త దాని ముందునుంచి కదలలేదు. "ఈ ఎండాకాలంలో ఇంత చల్లగా ఎప్పుడూ కూర్చోలేదు," అంటూ కాళ్ళు చాపుకుంది.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు తెమ్మని పిల్లల్ని ఇద్దరిద్దరుగా పంపాను. బల్లలు సర్దాను, తెల్ల దుప్పట్లు పరిచాను. గెఫెన్ వెనక్కొచ్చి నిలబడింది. "అక్కా, గిట్టెల్ అవ్వ నోగాని కూడా తీసుకురమ్మంది. తీసుకెళ్ళనా?"

మెట్లు నిటారుగా ఉంటాయి. కమ్మీ లేని చోటు కూడా ఒకటుంది. నోగా అప్పటికే గెఫెన్ చూపుడువేలు పట్టుకుని గుమ్మం దాటింది. మొదటి మెట్టు దగ్గర ఆగి వెనక్కి తిరిగి నా మొహం చూసింది.

"వెళ్ళిరా," అన్నాను, నవ్వుతూ.

ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ కూడదీసుకుంటూ దిగింది. నా చేతులు వెనక్కి పెట్టుకుని, ఒకదాన్నొకటి గిల్లుకుంటూ చూశాను.

ఎవరూ తిరిగి రాలేదు. భోజనం వేళ దాటింది. తెల్ల దుప్పట్ల ముందు నేనూ అవిషాయ్ ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. చివరికి ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చి, "అక్కా, మెనాషే తాత కూర్చోమన్నాడు, పుచ్చకాయ కోస్తున్నాడు, మేం రాలేం," అని అదే పరుగున వెళ్ళిపోయాడు. అప్పుడర్థమైంది. గుమ్మంలోకొచ్చిన పిల్లని ఖాళీ కడుపుతో పంపించే ఇల్లు ఆ సందులో ఒక్కటీ లేదు. ప్రతి ఇంటివాళ్ళూ వచ్చిన ఇద్దర్నీ తమ బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నారు. మా బల్ల దగ్గర ఒక్కరూ లేరు.

"నా వంట ఎవరూ తినలేదు," అన్నాను.

"షరతు అది కాదు," అంది అత్త.

ఎండ చల్లబడ్డాక సబ్బాతు మూడో భోజనం వేళకి సందులోంచి ఊరేగింపులా వచ్చారు. పిల్లలు ముందు, మా గిన్నెలు మోసుకుంటూ. వెనక మెనాషే తన నిమ్మకాయల సీసాతో. ఆ వెనక ఇంకా పై ఇళ్ళవాళ్ళు. గిట్టెల్ అవ్వ నోగాని ఎత్తుకుని, తన పళ్ళెం తన చెంచా తనే తెచ్చుకుని వచ్చింది. మా గడప దాటి లోపల కూర్చోవడం నా కాపురంలో నేను చూడటం అదే మొదలు. బల్లలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. నిన్నటినుంచి పన్నెండు ఫ్రిజ్‌లు తిరిగొచ్చిన వంకాయ పచ్చడిని ఊరంతా రొట్టెతో తుడుచుకుని తింటోంది.

అత్త లేచింది. కర్ర చప్పుడుకి అందరూ తిరిగారు.

"ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పండి. మీలో ఆకలిగా ఉన్నవాళ్ళెవరు?"

"ఎవరూ లేరవ్వా!" అని కేకలు. పొట్టలు నిమురుకుంటున్నారు. గిట్టెల్ అవ్వ సేమియా పిండివంట రెండేసి ముక్కలు కుక్కిందట.

"నాకు ఆకలిగా ఉంది," అన్నాడు ఒకడు.

ఇతమార్ అనే బొద్దు పిల్లాడు. నిజం చెప్పమన్నారు కదా అని చెప్పాడు. అవిషాయ్ చేతిలో రొట్టె ఆగిపోయింది.

"వాడికెప్పుడూ ఆకలేనవ్వా," అంది షాకెద్ గబగబా. "వాడు లెక్కలోకి రాడు."

"నా గదిలో ప్రతివాడూ లెక్కలోకి వస్తాడు," అంది అత్త. "రుహామా."

కోడి ముక్కలు రెండు పెట్టాను. తిన్నాడు. బంగాళాదుంప వడలు పెట్టాను. తిన్నాడు. సందంతా చూస్తోంది. క్యారెట్, బీట్‌రూట్, ఇంకో కోడి ముక్క. మెనాషే పందెంలో గుర్రాన్ని చూసినట్టు ముందుకి వంగాడు. "నమలరా నాన్నా, నమిలి మింగు," అంటోంది గిట్టెల్ అవ్వ, ఆ కోడి తన ఫ్రిజ్‌లో మూడు సంచుల్లో పడుకున్న సంగతి మర్చిపోయి. నాలుగో పళ్ళెం ఎత్తబోతుంటే వాడు రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"చాలు," అన్నాడు. "అక్కా, చాలు."

అంత గోల ఆ రాతి గది ఎప్పుడూ విని ఉండదు. పిల్లలు బల్లలు చరిచారు. గెఫెన్ నోగాని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆపలేదు. షాకెద్ మాత్రం గోడకానుకుని, పెదాలు కదుపుతూ, మళ్ళీ తన పిల్లల్ని లెక్కపెట్టుకుంటోంది.

అత్త నెమ్మదిగా నా పక్కకొచ్చింది. నావైపు చూడలేదు. ఖాళీ గిన్నె అంచుని వేలితో తడిమింది.

"వచ్చే గ్రూపుకి ఇది చాలదు. పెద్ద గిన్నె అటక మీదుంది. నాకందదు, నువ్వే దించాలి."

అవిషాయ్ విన్నాడు. కాసేపు తల్లినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా లేచి నిచ్చెన కోసం గోడవైపు నడిచాడు.

"ఎక్కడికిరా? సబ్బాతు నాడు నిచ్చెనేంటి, కూర్చో!" అని కసిరింది అత్త. అని, ఠక్కున ఆగిపోయింది. సబ్బాతు వెళ్ళేదాకా వచ్చే వారపు పని మాట ఇంట్లో ఎవరైనా ఎత్తితే కర్రతో కొట్టినంత పని చేసే మనిషి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నవ్వు ఆగడం లేదు.

తెరిచిన తలుపులోంచి ఆకాశం వైపు చూశాను. ఇంకా ఒక్క చుక్క కూడా పొడవలేదు.